తిరగని మెడ

దసరా సెలవులకు హాస్టలు నుంచి ఇంటికి వెళ్ళిన రోజు అమ్మ పెరట్లో బోకులు తోముతూ కనిపించింది. నిలబడి తోముతోంది. ఎప్పుడూ బండ మీద గొంతుక్కూర్చుని తోమే మనిషి, గిన్నెలన్నీ గోడ మీద పెట్టుకుని నిలబడి తోముతుంటే వింతగా అనిపించింది. వెనకనుంచి "అమ్మా" అని పిలిచాను. ఆమె మెడ తిప్పలేదు. కాళ్ళు జరుపుకుని, నడుమూ భుజాలూ తలా అన్నీ ఒక్కసారిగా నావైపు తిప్పింది, నెత్తిన నీళ్ళకడవ ఉన్నట్టు. కడవ లేదు. నాకు నవ్వొచ్చింది.

"ఏందిమా, కొత్త పెండ్లికూతురి మాదిరి తిరుగుతాండావు?" అన్నాను.

ఆమె కూడా నవ్వింది. "మెడ పట్టిందిలే పాపా. రెండు నాళ్ళల్లో అదే పోతాది."

అవి తొంభైల చివరి రోజులు. నేను అనంతపురంలో ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీలో ఉన్నాను. మా ఊరు బుక్కరాయసముద్రం దాటి, రోడ్డు వదిలి, ఎర్రమట్టి దిన్నెల మధ్య లోపలికి ఉంటుంది. అమ్మకు అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. వేరుశనగ పీకే రోజుల్లో వరసకు ముందుండేది ఆమే. మిగతావాళ్ళు చేను సగానికి వచ్చేసరికి ఆమె చివరి గట్టు మీద నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "బిరీన రాండమ్మా, ముసిలోళ్ళయిపోయినారా?" అని అరిచేది. ఎండలో అంత పని చేసే మనిషి గనక నీళ్ళు కూడా అంతే తాగేది. చెంబు ఎత్తితే ఖాళీ అయ్యాకే దించేది.

ఆ నీళ్ళు మా బోరువి. నాకు ఐదేళ్ళప్పుడు చేలో బావి ఎండిపోతే, నాయన ఇంటికి ఆనుకున్న కయ్యలో బోరు వేయించాడు. చాలా లోతుకు పోయాక నీళ్ళు పడ్డాయి. బురదనీళ్ళు ఎగిరి నాయన మీద పడటం, ఆయన తుడుచుకోకుండా అలాగే నిలబడి నవ్వటం నాకు గుర్తుంది. నీళ్ళు తేటబడ్డాక అమ్మ టెంకాయ కొట్టి, మొదటి దోసిలి తాగి, "రాయి లోపల్నుంచి వచ్చినాయి గదా, ఎంత సల్లగుండాయో" అంది. ఆ తర్వాత మా వీధివాళ్ళంతా తాగేనీళ్ళు అక్కడే పట్టుకునేవాళ్ళు. కరువు సంవత్సరాల్లో అది నాయనకు గౌరవం తెచ్చింది. నీళ్ళిచ్చే ఇల్లు అని మా ఇంటికి పేరు.

మా ఊళ్ళో నా ఈడు పిల్లలందరికీ పళ్ళ మీద పసుపు గీతలుండేవి. అందరి పళ్ళూ అలాగే ఉంటాయనుకునేదాన్ని. హాస్టల్లో చేరాక ఒకమ్మాయి, "నువ్వు పండ్లు తోముకోవా?" అని అడిగింది. అప్పటినుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వటం అలవాటైంది. ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది వంగి నడిచేవాళ్ళు. మా పక్కింటి పెద్దమ్మ నడుస్తుంటే నేల మీద ఏదో వెతుకుతున్నట్టే ఉండేది. వాతమనేవాళ్ళు. వయసొస్తే నడుం వంగుతుంది, జుట్టు నెరుస్తుంది, అంతే అనుకునేవాళ్ళం.

సెలవులు అయిపోయాయి. అమ్మ మెడ పట్టు వదల్లేదు. నేను హాస్టలుకు వెళ్ళిపోయాను.

కాలేజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు జంతుశాస్త్రం ల్యాబు. మా మేడం ఒకరోజు మా చేతికి తలో అగ్గిపుల్ల ఇచ్చి, బుగ్గ లోపల మెల్లగా గీకమంది. ఆ గీకినదాన్ని గాజుపలక మీద పూసి, చుక్క రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాం. పలచని అంచులు, మధ్యలో నీలిచుక్క. నా బుగ్గలోని కణాలు. నేను నన్ను లోపలినుంచి చూసుకోవటం అదే మొదటిసారి. మేడం బోర్డు మీద కింది నుంచి పైకి రాసుకుంటూ పోయింది. కణాలు కలిసి ఒకే పని చేస్తే కణజాలం. కణజాలాలు కలిస్తే అవయవం. గుండె అయినా, ఊపిరితిత్తి అయినా, ఎముక అయినా. అవయవాలు ఒకదానికొకటి అందించుకుంటూ పనిచేస్తే ఒక వ్యవస్థ. ఆ వ్యవస్థలన్నీ కలిస్తే మనిషి.

"ఎముక కూడా ప్రాణమున్నదేనా మేడం?" అని అడిగాను.

ఆమె నవ్వి ఎముక స్లయిడు చూపించింది. చెట్టు మొద్దును అడ్డంగా కోసినట్టు వలయాలు, వాటిలో చిన్న చిన్న నల్లటి గుంటలు. "ప్రతి గుంటలో ఒక కణం ఉంటుంది. తన చుట్టూ ఎముకను అదే కట్టుకుంటుంది. కట్టి కట్టి చివరికి లోపలే ఉండిపోతుంది. సన్నని దారులుంటాయి, వాటి గుండా తిండీ గాలీ అందుతాయి. అయినా ఇక బయటికి రాదు" అంది. నేను ఆ గుంటల్ని చాలాసేపు చూశాను. పెద్దయ్యాక నర్సునో, ల్యాబులో పనిచేసే మనిషినో కావాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. డాక్టరు దాకా నా ఆశ పోలేదు. తెల్లకోటు, మైక్రోస్కోపు, కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంటే చాలనుకున్నాను.

రెండో సంవత్సరం పరీక్షలకు నాలుగు నెలలుందనగా నాయన హాస్టలుకు వచ్చాడు. గేటు దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చినా చేతిలో ఏదో ఒక మూట ఉండేది. ఆ రోజు లేదు.

"మీయమ్మ కింద కూసుంటే లేయలేకుండా ఉండాది పాపా" అన్నాడు. "కాళ్ళు తిమ్మిరంటాది. సంగటి గెలకను చేతగావడంల్యా. నేను చేనికి పోతే ఇంట్లో చూసేటోళ్ళెవరు? ఒక పదినాళ్ళు రా. రవ్వ కుదురుకున్నాంక మళ్ళీ పోదువులే."

"పరీక్షలుండాయి నాయనా."

"పదినాళ్ళే గదమ్మా."

ఆయన అబద్ధం చెప్పలేదు. పదినాళ్ళే అని నిజంగానే నమ్మాడు. నేనూ నమ్మాను. పుస్తకాల్లో సగం హాస్టలు పెట్టెలోనే వదిలి, జంతుశాస్త్రం పుస్తకం ఒక్కటి సంచిలో వేసుకుని వచ్చాను. ఆ సంవత్సరం పరీక్షలు రాయలేదు. తర్వాతి సంవత్సరమూ రాయలేదు.

ఇంటికి వచ్చాక తెలిసింది, మనిషి ఒంట్లో ఎన్ని మడతలున్నాయో, అవి మడవకపోతే ఏమవుతుందో. కూర్చోవాలంటే తుంటి మడవాలి, మోకాలు మడవాలి. అన్నం తినాలంటే మోచెయ్యి మడవాలి, మెడ కొంచెం వంగాలి. దొడ్డికి పోవాలంటే ఇవన్నీ కావాలి. అమ్మకు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. నేను తలదువ్వి, కాళ్ళు కడిగి, చీర కట్టి, పట్టుకుని నడిపించేదాన్ని. పెద్దమ్మ ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెట్టమంది, పెట్టాను. ఎవరో ఆముదంలో ఏదో ఆకు కాచి ఇస్తే రాశాను. ఇంకెవరో రాగి కడియం వేయమంటే నాయన కదిరి దాకా పోయి తెచ్చి వేశాడు. అమ్మ చేతిని చూస్తుంటే నాకు భయమేసేది. ఇంకా బలంగానే ఉంది. శెనక్కాయ చెట్లు పీకిన చెయ్యి. కానీ అది తల వెనక్కి పోవటంలేదు.

మధ్యాహ్నాలు ఆమె నిద్రపోయినప్పుడు పుస్తకం తీసి ఎముకల పాఠం చదివేదాన్ని. ఎన్నిసార్లు చదివినా అందులో మా అమ్మ జబ్బు లేదు. ఎముకలు ఎన్నో రాసుంది, ఎలా కట్టుకుంటాయో రాసుంది, అవి మనిషిని పట్టుకుని వదలకపోతే ఏం చెయ్యాలో రాయలేదు.

ఆర్నెల్లకు నాయనను ఒప్పించి అమ్మను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. మాది ఏ ఊరని, తాగేనీళ్ళు ఎక్కడివని ముందే అడిగింది. ఆ తర్వాత అమ్మను మూడు పనులు చెయ్యమంది. నడుం వంచి కాలివేళ్ళు ముట్టుకోవాలి. గడ్డం రొమ్ముకు తాకించాలి. రెండు చేతులూ తల వెనక కలపాలి. అమ్మ మూడూ ప్రయత్నించింది. చిన్నపిల్ల బడిలో మార్కుల కోసం ప్రయత్నించినట్టు, పళ్ళు బిగబట్టి. ఒక్కటీ కాలేదు.

ఎక్స్‌రే వచ్చాక డాక్టరమ్మ దాన్ని వెలుగు పెట్టెకు తగిలించి మమ్మల్ని దగ్గరికి పిలిచింది. అమ్మ వెన్ను అంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పూసకూ పూసకూ మధ్య సందులు కనపడటంలేదు.

"ఇక్కడ ఉండాల్సింది పట్టీలు. ఎముకను ఎముకకు కట్టే పట్టీలు. మెత్తగా సాగుతూ ఉంటాయి. ఇవి కూడా ఎముకలాగా గట్టిపడిపోయాయి" అంది.

"అవి వేరే కణజాలం గదా మేడం, ఎముకెట్లయితాది?" అని నోరు జారి అడిగేశాను.

ఆమె నావైపు తిరిగి చూసింది. "చదువుకుంటున్నావా?"

"మొన్నటిదాకా చదువుతాంటి" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని నాకు చెప్పటం మొదలుపెట్టింది. నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. రుచి ఉండదు, రంగు ఉండదు. కడుపులోంచి రక్తంలోకి పోతుంది. మూత్రపిండాలు కొంత బయటికి పంపుతాయి, మిగిలినదాన్ని ఎముక పట్టుకుంటుంది. ఎముకలో కట్టే కణాలుంటాయి, పాతదాన్ని తీసేసే కణాలుంటాయి. రెండింటికీ ఒక ఒప్పందం. ఆ ఒప్పందం చెడిపోతుంది. కట్టటం ఎక్కువవుతుంది, ఎక్కడ కట్టకూడదో అక్కడ కూడా కడతాయి. కీళ్ళు బిగుసుకుంటాయి. వెన్నులో నరాలు పోయే దారి సన్నబడుతుంది. అందుకే కాళ్ళ తిమ్మిరి. "ఒక చోట మొదలై ఒక చోట ఆగే జబ్బు కాదమ్మా ఇది. కణం దగ్గర మొదలై మనిషి మొత్తానికి వస్తుంది" అంది.

నాయన అంతవరకు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మళ్ళా మామూలయితాదామ్మా?" అన్నాడు.

"కట్టుకున్నది తీసెయ్యలేం పెద్దాయనా. ఇంకా పెరగకుండా చూడొచ్చు. ఆ బోరునీళ్ళు మానిపించండి. వంటకు కూడా వద్దు. పాలు, రాగులు, ఆకుకూరలు పెట్టండి."

"ఆ బోరు నేనే ఏపిచ్చినా" అన్నాడు నాయన.

అమ్మ కుర్చీలోంచి, ఎదుటి గోడను చూస్తూనే, "నీళ్ళు పడినపుడు దాంట్లో ఏముందని ఎవురికి తెలుచ్చాదమ్మా. గమ్మునుండప్పా నువ్వు" అంది.

తిరుగుబస్సులో అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టలేకపోయాం. ఆ సీట్ల మధ్య మోకాళ్ళు పట్టలేదు. నడవా పక్క సీట్లో, కాళ్ళు బయటికి చాపి కూర్చుంది. బుక్కరాయసముద్రం చెరువు పక్కనుంచి పోతుంటే చల్లగాలి వచ్చింది. ఆమె కళ్ళు పక్కకు పోయాయి గానీ తల పోలేదు.

"చెరువు వచ్చినట్టుందే. నీళ్ళుండాయా పాపా?"

"ఉండాయిమా."

"ఎంతమట్టుకుండాయి?"

"సగానికి పైనే. కొంగలు కూడా ఉండాయి."

"ఎన్ని?" అంది. నేను లెక్కపెట్టి చెప్పాను. బస్సు చెరువు దాటాక కూడా నాయన కిటికీలోంచే చూస్తున్నాడు, మావైపు చూడకుండా.

మర్నాటినుంచి ఆయన సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని వంకకు పోవటం మొదలుపెట్టాడు. ఎండిపోయిన వంకలో ఇసుక తవ్వితే చెలమ ఊరుతుంది. పైపైన ఊరే ఆ నీళ్ళు మంచివని, సీసాలో పట్టుకెళ్ళి చూపిస్తే డాక్టరమ్మ పరీక్ష చేయించి చెప్పింది. పోను మూడు మైళ్ళు, రాను మూడు మైళ్ళు. ఇసుకలో సైకిలు నడవదు, తొయ్యాలి. వీధిలో జనం నవ్వారు. "ఇంటెనక బోరు పెట్టుకోని వంకకు పోతాండావే, పిచ్చి పట్టిందా ఏమప్పా?" అని అడిగారు. నాయన అరుగు మీద కూర్చోబెట్టి అందరికీ చెప్పాడు. నీళ్ళిచ్చే ఇల్లు అని పేరు తెచ్చుకున్న మనిషి, ఆ నీళ్ళు తాగొద్దని వీధి మొత్తానికీ తనే చెప్పాడు. పెద్దమ్మ మాత్రం కోప్పడింది. "ఇన్నేండ్లు తాగినాంక ఇప్పుడు చెప్తాండావా? నా నడుము ఇట్లయింది నీ నీళ్ళతోనా? అట్లనుకుంటే నేను నీ ఇంటి ముందర యెట్ల నడవాల?" అంది. ఆమె ఆ బోరునీళ్ళే తాగింది, పోయేదాకా.

అలా ఏళ్ళు గడిచాయి. ఎన్నని విడివిడిగా చెప్పలేను, ఎందుకంటే అవి నాకు విడివిడిగా గుర్తులేవు. పొద్దున అమ్మను లేపటం. లేపటమంటే, మంచం మీద కొయ్యలా బిగుసుకున్న మనిషిని పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి దించి, చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టటం. కసువూడ్వటం, సంగటి, చేను, మళ్ళీ అమ్మ. నాతో చదివినవాళ్ళు ఎక్కడెక్కడో చేరిపోయారని వినేదాన్ని. సంబంధాలు వచ్చాయి, అమ్మను చూసుకోవాలని చెప్పి వద్దన్నాను. అందరూ మెచ్చుకున్నారు. నిజమేమిటంటే, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోవటం నాకు ఇష్టంలేదు. అమ్మ ఒళ్ళును అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున గదిలో తలుపు వేసుకుని డాక్టరమ్మ చెప్పిన మూడు పనులూ నేను చేసి చూసుకునేదాన్ని. కాలివేళ్ళు. గడ్డం. తల వెనక చేతులు. నేను కూడా పన్నెండేళ్ళు ఆ నీళ్ళే తాగాను. నడుములో ఎక్కడైనా కలుక్కుమంటే మధ్యాహ్నం మళ్ళీ తలుపు వేసుకునేదాన్ని. లోపల గుంటల్లో కూర్చుని ఎవరో నా చుట్టూ గోడ కడుతున్నారనిపించేది. చప్పుడు వినపడదు గదా, ఎలా తెలుస్తుంది?

వేరుశనగ పీకుడు రోజుల్లో ఒకనాడు అమ్మను స్నానానికి బండ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, స్నానం చేయించి, అన్నం తినిపించి, పెరట్లోనే నీడకు వదిలి చేనికి పోయాను. నాయన ఎండు వేరుశనగ బండిలో వేసుకుని ఊరి బయటికి పోయాడు. మధ్యాహ్నానికి చేలో పని అయిపోయింది. ఇంటికి రావలసినదాన్ని, రోడ్డు మీదికి నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు. స్టేజీ దగ్గర చింతచెట్టు కింద నిలబడ్డాను. అనంతపురం బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎక్కాను.

చేతులకు మట్టి ఉంది. కండక్టరు ఎక్కడికి అంటే, "అనంతపురం" అన్నాను. కొంగుముడిలో ఉన్నది ఇచ్చాను. బస్సు కదిలింది. గాలి మొహానికి తగులుతుంటే ఏడుపు రాలేదు, సంతోషం రాలేదు. ఒళ్ళంతా తేలికయిపోయింది, అంతే. రెండు స్టేజీలు పోయాక ఒక ముసలామె ఎక్కింది. నిలబడలేక కడ్డీ పట్టుకుని, మెడ తిప్పకుండా కళ్ళతో మాత్రమే సీటు వెతికింది. నేను లేచి ఆమెకు చోటిచ్చాను. అలా లేచినదాన్ని మళ్ళీ కూర్చోలేకపోయాను. తర్వాతి స్టేజీలో దిగేశాను. ఎండలో నడిచి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

అమ్మ పెరట్లో బండ పక్కన వెల్లకిలా పడి ఉంది. స్టూలు మీదనుంచి లేవబోయి జారిందట. ఎంతసేపటినుంచో. నీడ ఎప్పుడో జరిగిపోయి మొహం ఎర్రగా కమిలింది. పక్కకు పొర్లలేదు, తల ఎత్తలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"అమ్మా, అరవల్సింది గదా! పెద్దమ్మ వినేది గదా!" అని నేనే అరిచాను.

"అరిసినా పాపా. గొంతు లేయల్యా. ఊపిరి సాల్లేదు."

లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. మొదటిసారి ఆమె రొమ్ము మీద చెయ్యి పెట్టి గమనించాను. గాలి పీలుస్తోంది, పక్కటెముకలు లేవటంలేదు. పొట్ట ఒక్కటే కొద్దిగా కదులుతోంది. వెన్నుకు పక్కటెముకలు అతుక్కునే చోట కూడా కీళ్ళుంటాయని పుస్తకంలో చదివాను. అవి కూడా మూసుకుపోయాయి.

"యాడికి పోయినావు ఇంతసేపు?" అంది.

"చేనుకాడనే."

నేను ఆమె వీపు మీది మట్టి కడుగుతూ వెనకే నిలబడ్డాను. వెనక నిలబడితే ఆమెకు నా మొహం కనపడదు. ఆ వీలు నాకెప్పుడూ ఉండేది.

పది పదిహేను రోజులకు, తలదువ్వుతుంటే, అమ్మ ఉన్నట్టుండి అంది. "ఆ పొద్దు బస్సెక్కినావంటనే."

ఎవరో చూసినవాళ్ళు చెప్పి ఉంటారు. "ఎక్కినా మా" అన్నాను.

"మల్ల దిగినావేమిటికి?"

నాకు మొదట అర్థంకాలేదు. ఎత్తిపొడుపేమో అనుకున్నాను. ముందుకు వచ్చి ఆమె మొహం చూశాను. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది.

"నేనంటే కదల్లేను. నీకేమి?" అంది. "కాళ్ళు బాగుండాయి, నడుము బాగుండాది. నాపక్కనే కూసోని నువ్వుగూడా బిగుసుకుపోతాండావు. నేను చూడ్లేదనుకున్నావా? తల తిరగదు గానీ కండ్లు తిరుగుతాయి నాకి."

నేను ఆమె ఒళ్ళో తలపెట్టాను. ఆమె చెయ్యి నా తలను చేరలేదు, భుజం దగ్గర ఆగింది. అక్కడే తట్టింది.

ఆ సాయంత్రం నాయన రాగానే ఆమె చెప్పేసింది. "పాప పరీచ్చలు రాయాల. నువ్వు పోయి కాగితాలు తే." నాయన ఏదో అనబోయాడు. "ఇంట్లో ఎవురు చూస్తారంటావా? నువ్వు చూడు. నీళ్ళు మోస్తాండావు గదా, నన్ను మొయ్యలేవా?" అంది. ఆయన మర్నాడే కాలేజీకి పోయాడు.

ప్రైవేటుగా కట్టాను. పుస్తకం అమ్మ మంచం పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. అమ్మ వినేది. చదువురాని మనిషి, ప్రతి పాఠానికీ తన ఒంటితో ప్రశ్న వేసేది.

"గుండెకాయకు నాలుగు గదులుంటాయా? నాది బాగుండాదా?"

"బాగుంది మా."

"కడుపు?"

"నిన్న రెండు ముద్దలు తిన్నావు గదా, అదీ బాగుంది."

"ఊపిరితిత్తులు?"

"అవి కూడా మంచివే. వాటి చుట్టూ ఉన్న ఎముకలే కదలటంలేదు."

ఆమె పైకప్పు చూస్తూ అంది, "అయితే లోపలోళ్ళందరూ పని చేస్తానే ఉండారు. పాపం, వాళ్ళకి తెలీదేమో."

నాయన వంట నేర్చుకున్నాడు. సంగటి మొదట్లో ఉండలు కట్టేది. అమ్మ మంచం మీదనుంచే, "కట్టె బాగ తిప్పప్పా, నిదరపోతాండావా" అని కేకేసేది. కేక అంటే ఆమెకు మిగిలిన ఊపిరితో వచ్చేంత. ఆయన చంకల కింద చేతులు పెట్టి ఆమెను లేపటం నేర్చుకున్నాడు. మొదటిసారి ఇద్దరూ మంచం మీద పడ్డారు. అమ్మ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

పరీక్షలు పాసయ్యాను. మార్కులు గొప్పవి కావు. ఫలితాలు వచ్చిన రోజు పాలు పోసి పాయసం చేశాం.

ఆ చలికాలం అమ్మకు జలుబు చేసింది. మామూలు జలుబు, వీధిలో అందరికీ వచ్చింది. అందరికీ తగ్గింది. అమ్మకు రొమ్ములో కఫం దిగింది, దాన్ని దగ్గి బయటికి తెచ్చేందుకు పక్కటెముకలు లేవాలి. లేవవు. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచారు. ఐదో రోజు మధ్యాహ్నం, ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళ దగ్గర పడుతుండగా, ఆమె పోయింది. కళ్ళు చివరిదాకా తిరుగుతూనే ఉన్నాయి, ఒకసారి నాయన వైపు, ఒకసారి నావైపు.

ఇంటికి తెచ్చాక పాడె మీద పడుకోబెట్టడం కష్టమైంది. వెన్ను మధ్యలో వంగి బిగుసుకుని ఉంది, తల కింద ఆనటంలేదు. మోకాళ్ళు కొద్దిగా మడిచే ఉన్నాయి. మోసేవాళ్ళలో ఒకాయన, "రవ్వ గట్టిగా అదిమితే సరిపోతాది, పైన తాడు కడదాం" అన్నాడు.

నాయన పాడెకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "వద్దప్పా. ఎవురూ అదమద్దండి. ఎట్లుంటే అట్లే పోతాది" అన్నాడు. ఇంట్లోకి పోయి రెండు దిండ్లు తెచ్చి, ఒకటి తల కింద, ఒకటి మోకాళ్ళ కింద పెట్టాడు. అలాగే మోశారు.

జూన్‌లో నేను అనంతపురంలో నర్సింగులో చేరాను. నాకంటే అందరూ ఐదారేళ్ళు చిన్నవాళ్ళు. మొదటి కొన్ని నెలలు నాకు ఏదో తప్పు చేసినట్టే ఉండేది. హాస్టలు గదిలో కాళ్ళు చాపుకుని పడుకుంటే, ఇంత చోటు నాకెందుకు అనిపించేది. బయటికి వచ్చేశాను. వచ్చేశాక కూడా, వచ్చినట్టు చాలాకాలం తెలియలేదు.

వార్డు డ్యూటీ మొదలైన వారంలో ఒక పెద్దావిడను మంచం మీద పక్కకు తిప్పవలసి వచ్చింది. తుంటి విరిగి పడుకుని ఉంది, బరువైన మనిషి. ఇద్దరు సీనియర్లు రావాలి, వాళ్ళు ఇంకా రాలేదు. ఆవిడ వీపు మంటపుడుతోందని మూలుగుతోంది. నేను భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, విరిగిన కాలు కదలకుండా దిండు ఆనించి, మెల్లగా తిప్పాను. ఆవిడ "అబ్బా, హాయిగుండాది" అంది. అప్పుడే వచ్చిన సిస్టరు గుమ్మంలో ఆగి చూసింది.

"మొదటి సంవత్సరమేనా నువ్వు? ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"ఇంట్లో" అన్నాను.

ఆమె చార్టు చేతికిచ్చి పక్క మంచం చూపించింది. నేను చేతులు కడుక్కుని అటు వెళ్ళాను.